ఇల్లు లేనివారి హైదరాబాద్

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, ఆ చెట్టు కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికి బయటపడ్డారు. ఏటా ఆ తేదీన చరిత్ర మీద మక్కువ ఉన్నవాళ్లు చెట్టు కింద చేరి ఆ రోజును తలుచుకుంటారు. మిగతా రోజుల్లో ఆ చుట్టుపక్కల నీడను వాడుకునేది వేరే జనం. లోపల వార్డులో రోగి ఉంటాడు. రోగి దగ్గర సాధారణంగా ఒక్కరినే ఉండనిస్తారు. ఊరి నుంచి తోడు వచ్చిన తల్లో, తమ్ముడో, చంకన పిల్లతో మరదలో బయటే ఉండిపోతారు. చెట్ల కింద, ప్రహరీ గోడ వార, మందుల షాపుల మెట్ల మీద ప్లాస్టిక్ పట్టా పరుచుకుంటారు. తలకింద బట్టల సంచి, అందులో ఎక్స్‌రే కవరు, పక్కన నీళ్ల సీసా. రాత్రి పది దాటి షట్టర్లు దిగాక ఆ వీధి సగం పడకగది అవుతుంది.

అక్కడికి దగ్గర్లోనే ఇమ్లీబన్ బస్టాండ్. ఇటు వస్తే కోఠి, తర్వాత నాంపల్లి స్టేషన్, అది దాటితే రెడ్‌హిల్స్‌లో నిలోఫర్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రులు. ఇంకో దిక్కున సికింద్రాబాద్ స్టేషన్, గాంధీ ఆసుపత్రి. ఈ పేర్లన్నీ కలుపుతూ గీత గీస్తే నగరంలో ఇల్లు లేనివారి రాత్రి పటం చాలావరకు తయారవుతుంది. వెలుతురు, నీళ్లు, మనుషుల అలికిడి ఉన్నచోటే మనిషి కాస్త ధైర్యంగా కళ్లు మూసుకోగలడు. అందుకే ఖాళీ పార్కుల కంటే రద్దీ ఫుట్‌పాత్‌లే నిండిపోతాయి.

ఫుట్‌పాత్ మీద పడుకున్నవాళ్లందరూ బిచ్చగాళ్లేనని చాలామంది అనుకుంటారు. ఆ చూపు మారకపోతే ఈ సమస్య సగం కూడా అర్థం కాదు. పడుకున్నవాళ్లలో తెల్లారగానే అడ్డా మీద నిలబడే కూలీలున్నారు. మార్కెట్లో మూటలు మోసే హమాలీలు, పెళ్లిళ్లలో వడ్డనకు, గిన్నెలు కడగడానికి వెళ్లేవాళ్లు, చిత్తుకాగితాలు ఏరేవాళ్లు, రిక్షా తొక్కేవాళ్లు ఉన్నారు. పనిచేసే చెయ్యి ఆగిపోయిన వృద్ధులున్నారు. భర్త దెబ్బలకు ఓర్చలేక బయటికొచ్చిన ఆడవాళ్లు, మతి తప్పి ఏ ఊరి రైలు ఎక్కారో కూడా చెప్పలేనివాళ్లు ఉన్నారు. రోజంతా ఈ నగరానికి పనిచేసి, రాత్రికి అదే నగరంలో ఆరడుగుల చోటు దొరకనివాళ్లే ఇందులో చాలామంది.

2011 జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి ఇళ్లు లేనివారిని లెక్కపెట్టారు. ఫుట్‌పాత్‌లు, ఫ్లైఓవర్ల అడుగు, మండపాలు, ప్లాట్‌ఫారాలు, మురుగు పైపులు అన్నీ ఆ ఒక్క రాత్రే తిరిగి చూశారు. దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు. వారిలో 9.38 లక్షల మంది పట్టణాలవారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 1.45 లక్షలు. అంతకు ముందు పదేళ్లలో పల్లెల్లో ఇల్లు లేనివారి సంఖ్య తగ్గింది, పట్టణాల్లో పెరిగింది. ఊళ్లో గుడిసె వదిలి పట్నంలో పైకప్పు లేని జీవితానికి వచ్చినవాళ్ల కథ ఈ రెండు మాటల్లోనే ఉంది. పైగా ఒక్క రాత్రి లెక్కకు అందేవాళ్లు ఎందరు? పోలీసు లేపితే చోటు మారినవాళ్లు, రాత్రి షిఫ్టులో మూటలు దించుతున్నవాళ్లు, భయంతో చీకటి మూలకు జరిగిన ఆడవాళ్లు ఆ కాగితంలోకి రారు.

పెద్ద కోర్టు చెప్పిన మాట

2010 జనవరిలో ఢిల్లీ చలికి ఫుట్‌పాత్‌ల మీద మనుషులు చనిపోతున్నారు. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు నియమించిన కమిషనర్లు ఎన్.సి. సక్సేనా, హర్ష్ మందర్ ఆ సంగతి కోర్టుకు లేఖ రాశారు. ఆకలి మీద నడుస్తున్న ఆ కేసు అక్కడి నుంచి పైకప్పు మీదికి మళ్లింది. పెద్ద నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని, అది ఏడాది పొడవునా ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలని కోర్టు ఆదేశించింది. పరుపు, దుప్పటి, తాగునీరు, మరుగుదొడ్డి తప్పనిసరి అన్నది.

2011 లెక్క ప్రకారం గ్రేటర్ హైదరాబాద్ జనాభా 67 లక్షలు. అంటే 67 షెల్టర్లుండాలి. ఆ తర్వాత నగరం ఎంత పెరిగిందో అందరికీ కనిపిస్తూనే ఉంది. షెల్టర్లు మాత్రం పాత లెక్కలో సగానికి కూడా చేరలేదు. ఆసుపత్రుల దగ్గర రోగుల బంధువుల కోసం కొన్ని భవనాలు వచ్చాయి, పాత కమ్యూనిటీ హాళ్లు కొన్ని షెల్టర్లయ్యాయి. ఉన్నవాటి వెనక మున్సిపల్ సిబ్బంది, స్వచ్ఛంద సంస్థల శ్రమ తక్కువేం కాదు. అవసరం ముందు అది చాలలేదు.

2013లో కేంద్రం జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మొదలుపెట్టి, అందులో పట్టణ నిరాశ్రయుల షెల్టర్లకు ప్రత్యేక పథకం చేర్చింది. మనిషికి 50 చదరపు అడుగుల చోటు, వంటగది, సామాను దాచుకునే లాకరు, అంగన్‌వాడీతో అనుసంధానం, ఆడవారికి, వృద్ధులకు, మానసిక రోగులకు, ఆసుపత్రి నుంచి వచ్చి కోలుకుంటున్నవారికి విడివిడిగా షెల్టర్లు. ఇవన్నీ మార్గదర్శకాల్లో రాశారు. రాసినవాళ్లకు వీధి బాగా తెలుసు. అయినా డబ్బు ఖర్చు కాలేదు. రాష్ట్రాల దగ్గర నిధులు మూలుగుతుంటే మనుషులు రోడ్డున ఎందుకు పడుకున్నారో తేల్చమని 2016 నవంబరులో సుప్రీంకోర్టు, ఢిల్లీ హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కైలాష్ గంభీర్ అధ్యక్షతన ఒక కమిటీనే వేయాల్సి వచ్చింది.

కోర్టు 2010 నాటి ఆదేశం ఢిల్లీ చలిలో పుట్టింది కాబట్టి కాబోలు, షెల్టర్ అంటే చలికాలపు రాత్రి ఏర్పాటు అన్న అభిప్రాయం అధికారుల్లో గట్టిగా పాతుకుపోయింది. తెలుగు నేల మీద మే నెల మధ్యాహ్నం కూడా అంతే ప్రమాదం. డెబ్బై ఏళ్ల మనిషి రాత్రంతా షెల్టర్లో పడుకుని, పొద్దున ఎనిమిదికి బయటికి వచ్చి వడదెబ్బకు పడిపోతే ఆ షెల్టర్ ఏం కాపాడినట్టు? వానాకాలంలో తడిసిన దుప్పటి ఆరేసుకోవడానికి పగలే చోటు కావాలి. రాత్రి పనికి వెళ్లేవాడు నిద్రపోయేదే పగలు. కోర్టు ఇరవైనాలుగు గంటలని ఊరికే అనలేదు.

తలుపు తీసి ఉన్నా ఎందుకు రారు?

షెల్టర్ నడిచే తీరు చెప్పాలి. భవనం కార్పొరేషన్‌ది. నడిపేది ఎక్కువగా స్వచ్ఛంద సంస్థ. షిఫ్టుల ప్రకారం కేర్‌టేకర్లు ఉంటారు. వచ్చినవారి పేరు, ఊరు, చేసే పని రిజిస్టరులో రాసుకుంటారు. చాప, దుప్పటి ఇస్తారు. స్నానానికి నీళ్లు, కొన్నిచోట్ల వంట చేసుకునే వీలు ఉంటాయి. డబ్బు తీసుకోరు.

అయినా దగ్గర్లోనే షెల్టర్లో చాపలు ఖాళీగా ఉండి, బయట ఫుట్‌పాత్ నిండుగా ఉండటం కనిపిస్తుంది. వాళ్లకు అలవాటైపోయింది, రమ్మన్నా రారు అని తేలిగ్గా అనేస్తారు. ఆ మాట చాలా అన్యాయం. రాకపోవడానికి ప్రతి ఒక్కరికీ గట్టి కారణం ఉంటుంది.

మొదటిది కుటుంబం. చాలా షెల్టర్లు మగవాళ్లవి, కొన్ని ఆడవాళ్లవి. భార్యాభర్తలు, పిల్లలు కలిసి ఉండగలిగేవి బహు తక్కువ. మగపిల్లాడు కాస్త ఎదిగితే తల్లితోపాటు ఆడవాళ్ల షెల్టర్లో ఉండనివ్వరు. ఆ వయసు పిల్లాణ్ని ముక్కూమొహం తెలియని మగవాళ్ల మధ్యకు పంపి ఏ తల్లి నిద్రపోతుంది? అందరూ కలిసి ఫుట్‌పాత్ మీదే ఉంటారు. రెండోది బతుకుతెరువు. తోపుడుబండి, రిక్షా, ఏరిన అట్టముక్కల మూట లోపలికి రానివ్వరు. బయట పెడితే తెల్లారేసరికి ఉండవు. మూడోది వేళ. చిత్తు ఏరేవాళ్లు తెల్లవారుజామున మూడింటికి లేచి వెళ్లాలి, పెళ్లి వడ్డన చేసేవాళ్లు అర్ధరాత్రి దాటాక వస్తారు. అప్పటికి గేటు వేసి ఉంటుంది. నాలుగోది దూరం. అడ్డాకు నాలుగు కిలోమీటర్ల దూరంలో షెల్టరుంటే, పొద్దున ఆరింటికల్లా అడ్డా మీద లేని కూలీకి ఆ రోజు పని పోయినట్టే. తాగి వచ్చినవాణ్ని రానివ్వకపోవడం ఇంకో సమస్య. తాగినవాడి వల్ల మిగతావాళ్ల నిద్ర చెడుతుందన్నది నిజమే. రోడ్డు మీద బండి కింద పడి చచ్చిపోయే ప్రమాదం అతనికే ఎక్కువన్నదీ నిజమే. అలాంటివారికి వేరే గది, మద్యం మానిపించే వైద్యంతో ముడిపెట్టిన వేరే షెల్టర్ ఉండాలి.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. వీధిలో ఉండే ఆడది రాత్రి నిద్రపోదు. కునుకు తీస్తుంది, లేస్తుంది, కూర్చుంటుంది. పగలు ఎక్కడో మెట్ల మీద ఒరిగి నిద్రపోతే చూసేవాళ్లు సోమరి అంటారు. మరుగుదొడ్డికి ప్రతిసారీ డబ్బు కావాలి. అందుకని నీళ్లు తాగడం తగ్గించేస్తారు, దాని వెంట మూత్రనాళ జబ్బులు వస్తాయి. నెలసరి రోజుల్లో పడే ఇబ్బంది ఏ పథకం కాగితంలోనూ సరిగా కనిపించదు. నగరంలో ఏ పని ముందు మొదలుపెట్టాలని నన్నడిగితే, ప్రతి పెద్ద బస్టాండ్, రైల్వేస్టేషన్ నుంచి నడిచి వెళ్లగల దూరంలో ఆడవాళ్లకు, పిల్లలకు రాత్రంతా తెరిచి ఉండే షెల్టర్ అంటాను.

బాగా నడిచే షెల్టర్ చాప ఇవ్వడంతో ఆగదు. నెలరోజులున్న మనిషికి ఆధార్ తీయిస్తుంది, బ్యాంకు ఖాతా తెరిపిస్తుంది, క్షయ ఉందేమో పరీక్ష చేయిస్తుంది, ఊళ్లో అన్నదమ్ములకు ఫోన్ కలుపుతుంది. ఇవన్నీ చేసేది కేర్‌టేకర్. చిన్న జీతం, పెద్ద బాధ్యత. నెలల తరబడి బిల్లులు ఆగితే ముందు దెబ్బతినేది ఆ మనిషి జీతమే. షెల్టర్ ఎలా ఉందో తెలుసుకోవాలంటే గోడల రంగు చూడక్కర్లేదు, కేర్‌టేకర్‌కు పోయిన నెల జీతం వచ్చిందో లేదో అడిగితే చాలు.

ఆసుపత్రి గోడ వార

హైదరాబాద్‌లో ఇల్లు లేనివారిలో ఒక పెద్ద గుంపుకు ఊళ్లో ఇల్లుంది. జబ్బు వాళ్లను రోడ్డున పడేసింది. ఈ నగరపు నిరాశ్రయుల గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువసేపు ఆగి చూడాల్సింది ఇక్కడే.

నిలోఫర్ ఆసుపత్రి పుట్టుకలోనే ఒక దుఃఖం ఉంది. నిజాం కోడలు నిలోఫర్ దగ్గర పనిచేసిన రఫత్ అనే యువతి 1949లో కాన్పులో చనిపోయింది. అలాంటి చావు ఇంకొకరికి రాకూడదని రాకుమారి పట్టుబట్టగా 1953లో ఈ ఆసుపత్రి వచ్చింది. ఇప్పుడు ఆదిలాబాద్ నుంచి, పాలమూరు నుంచి, కర్ణాటక సరిహద్దు నుంచి పసిగుడ్డులను ఇక్కడికి తెస్తారు. బిడ్డ ఇంక్యుబేటర్లో, తల్లి లోపల. తండ్రి, అమ్మమ్మ బయట. వారమో, రెండు వారాలో అలాగే గడుస్తుంది. పాల కోసం తల్లికి తిండి కావాలి, ఆ తిండి తెచ్చేవాళ్లకు పడుకునే చోటు కావాలి.

పక్కనే ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజులు, చాలామందికి ఐదారు వారాలు. ఇచ్చేది రోజూ కొద్ది నిమిషాలు. దానికోసం ఆసుపత్రిలో చేర్చుకోనక్కర్లేదు, ఇంటి నుంచి రోజూ వచ్చిపోతే చాలు. ఇల్లు మంచిర్యాలలో ఉన్నవాళ్లు రోజూ ఎలా వచ్చిపోతారు? లాడ్జీలో ఆరు వారాలుండే స్తోమత లేదు. గొంతు కాలిపోయి మెతుకు మింగలేని మనిషి ఫుట్‌పాత్ మీద పడుకుని మర్నాటి రేడియేషన్ కోసం ఎదురుచూస్తాడు. చివరికి కొందరు మధ్యలోనే మానేసి ఊరెళ్లిపోతారు. వైద్యం ఆగిపోయిందని కేసు షీటు చెబుతుంది. పడక లేక ఆగిపోయిందని ఎక్కడా రాసి ఉండదు.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. మంచి పని. ఆపరేషన్‌కు, మందులకు, వార్డులో మంచానికి దారి దొరికింది. వెంట వచ్చినవాడి రాత్రికి, డిశ్చార్జి అయ్యాక డ్రెస్సింగ్ కోసం మళ్లీ రావాల్సిన పదిరోజులకు ఆ కార్డు పనిచేయదు. కాలు తీసేసిన కూలీని డిశ్చార్జి చేస్తే అతను వెళ్లేది ఎక్కడికి? అద్దె గది అప్పటికే పోయి ఉంటుంది. ఆసుపత్రి గేటు దాటి, గోడ వారనే కూర్చుంటాడు. పుండు పచ్చిగా ఉంటుంది, చుట్టూ దుమ్ము. మళ్లీ అదే ఆసుపత్రికి చీము పట్టిన కాలుతో వెళతాడు. కోలుకునేవారి షెల్టర్ ఒక్కటి ఆసుపత్రి పక్కన ఉంటే ఈ రెండో ఖర్చు, రెండో నరకం రెండూ తప్పుతాయి. ఉస్మానియాకు గోషామహల్‌లో కొత్త భవనం కోసం 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఆ ప్లానులో మంచాల సంఖ్యతోపాటు రోగుల వెంట వచ్చేవారి పడకల సంఖ్య కూడా రాయించుకోవాల్సిన సమయం ఇది.

ఈ ఊళ్లో అన్నం దొరుకుతుంది, ఆ మాట కృతజ్ఞతతోనే చెప్పాలి. 2014 మార్చిలో నాంపల్లి సరాయి దగ్గర మొదలైన ఐదు రూపాయల భోజనం ఎన్ని కడుపులు నింపిందో చెప్పలేం. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు 2018లో వచ్చి, మధ్యలో మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. గుళ్లు, దర్గాలు, గురుద్వారాలు పెడతాయి. పుట్టినరోజని, తద్దినమని ఆసుపత్రి గేట్ల దగ్గర పులిహోర పంచేవాళ్లకు లోటు లేదు. డిసెంబరు రాగానే దుప్పట్లు పంచుతారు. దాచుకునే చోటు లేనివాడి దుప్పటి సంక్రాంతి దాకా కూడా నిలవదు. పంచే చేతులు ఒక్క ఏడాది దుప్పట్ల డబ్బుతో షెల్టర్లో లాకర్లు పెట్టిస్తే, ఆసుపత్రి పక్క ధర్మసత్రంలో ఒక గది అద్దె కడితే, ఆ దానం ఎక్కువ కాలం నిలుస్తుంది.

చిరునామా లేనివాడికి ఏదీ రాదు

నగర శివారు కొల్లూరులో పేదల కోసం కట్టగా 2023 జూన్‌లో ప్రారంభమైన డబుల్ బెడ్రూం సముదాయంలో 15,660 ఇళ్లున్నాయి. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. చూడటానికి కన్నుల పండువగా ఉంటుంది. అందులో ఇల్లు ఇవ్వడానికి ఆహార భద్రత కార్డు, ఆధార్, స్థానికుడని రుజువు అడిగారు. నాంపల్లి ఫుట్‌పాత్ మీద పదిహేనేళ్లుగా ఉన్నవాడి దగ్గర వీటిలో ఒక్కటీ ఉండదు. ఉన్నా వానకు తడిసిపోతాయి, సంచితోపాటు పోతాయి. అందరికంటే ఇల్లు అవసరమైన మనిషి, ఇల్లు లేనందువల్లే, ఇళ్ల పథకానికి పనికిరాకుండా పోతాడు. వృద్ధాప్య పింఛనూ అంతే, రేషను బియ్యమూ అంతే. 2018 జనవరిలో షెల్టర్ల కేసు విచారిస్తూ జస్టిస్ మదన్ లోకూర్, ఇల్లు లేనివాడికి ఆధార్ ఎలా వస్తుందని ప్రభుత్వాన్ని నిలదీశారు. ఆ ప్రశ్న ఇంకా తాజాగానే ఉంది.

దీనికి దారి లేదా అంటే ఉంది. ఎన్నికల సంఘం ఎప్పుడో చూపించింది. ఇల్లు లేని మనిషి ఓటు కోసం ఫారం 6 ఇస్తే చిరునామా రుజువు అడగక్కర్లేదు. తాను పడుకునే చోటు రాసిస్తే చాలు. బూత్ స్థాయి అధికారి రాత్రిపూట అక్కడికి వెళ్లి, అతను నిజంగా అక్కడే పడుకుంటున్నాడో లేదో ఒకటికి రెండు రాత్రులు చూసుకుని పేరు చేరుస్తారు. ఓటరు జాబితా కోసం ఒక ఉద్యోగి రాత్రి ఫుట్‌పాత్ దాకా నడవగలిగితే, పింఛను కోసం, ఇంటి కోసం ఇంకో ఉద్యోగి ఎందుకు నడవకూడదు?

మనం మాత్రం ఎదురు పని చేసిన సందర్భాలున్నాయి. 2017 నవంబరులో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. దానికి ముందే, నగరంలో రెండు నెలలపాటు భిక్షాటన నిషేధిస్తూ పోలీసు ఉత్తర్వు వచ్చింది. వీధుల్లో దొరికినవారిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లో ఏర్పాటు చేసిన ఆశ్రమాలకు తరలించారు. అక్కడ తిండీ, బట్టా, వైద్యం ఇచ్చారు. ఇచ్చినవాళ్ల మంచితనాన్ని కాదనను. అయితే తన ఇష్టం లేకుండా వ్యానెక్కించి తీసుకెళ్లిన చోటు ఎవరికీ ఇల్లు కాదు. 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం ఇంకా మన పుస్తకాల్లో ఉంది. ఢిల్లీలో అమల్లో ఉన్న ఇలాంటి చట్టంలోని ముఖ్యమైన సెక్షన్లను అక్కడి హైకోర్టు 2018 ఆగస్టులో కొట్టేసింది. పేదరికాన్ని నేరంగా చూడొద్దన్నదే అందులోని సారం. మన చట్టాన్ని కూడా తిరగరాయాలి.

షెల్టర్ తర్వాత ఏమిటి?

ఫుట్‌పాత్ నుంచి సొంత ఇంటికి మెట్లుండాలి. మొదటి మెట్టు షెల్టర్, చివరి మెట్టు డబుల్ బెడ్రూం ఇల్లు. మధ్యలో మెట్టే లేదు. అది అద్దె గది. నెలకు పదిహేను, ఇరవై రోజులు పని దొరికే కూలీ చిన్న గది అద్దె కట్టగలడు. కట్టలేనిది అడ్వాన్సు. చూపించలేనిది కార్డు. తేలేనిది పూచీ ఇచ్చే మనిషిని. అందువల్ల సంపాదన ఉండి కూడా ఏళ్ల తరబడి షెల్టర్లో ఉండిపోతాడు, షెల్టర్లో చాప ఖాళీ కాక ఇంకొకరు బయట ఉండిపోతారు.

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ ఇదే చిక్కును విప్పింది. అక్కడ ఒకప్పుడు షెల్టర్ మంచాలు వేలల్లో ఉండేవి. 2008 నుంచి ప్రభుత్వం, నగరపాలక సంస్థ, స్వచ్ఛంద సంస్థలు కలిసి షెల్టర్లను మూసి, ఆ భవనాలనే చిన్న చిన్న ఫ్లాట్లుగా మార్చాయి. మద్యం మానాలి, ఉద్యోగం వెతుక్కోవాలి అన్న షరతులు ముందు పెట్టలేదు. ముందు తాళం చెవి ఇచ్చారు, తన పేరుమీద అద్దె పత్రం రాశారు, తోడుగా సామాజిక కార్యకర్తను పెట్టారు. 1980లలో ఆ దేశంలో దాదాపు ఇరవైవేల దాకా ఉన్న నిరాశ్రయులు 2023 నాటికి మూడున్నర వేలకు దిగువకు వచ్చారు. తర్వాత సంక్షేమ సాయంలో కోతలు పడ్డాక 2024లో ఆ సంఖ్య మళ్లీ పెరిగింది. ఇల్లు ఇచ్చి, అద్దె సాయం తీసేస్తే ఏమవుతుందో కూడా అదే దేశం చూపిస్తోంది. వాళ్ల డబ్బు, వాళ్ల జనాభా వేరు. మనం తీసుకోవాల్సింది ఆ వరస: ముందు గది, మిగతా బాగుపడటం ఆ గదిలో.

ఆ వరసకు మన చట్రంలోనే చోటుంది. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశలో అద్దె ఇళ్లకు ఒక విభాగం పెట్టారు. వలస కూలీలతోపాటు నిరాశ్రయులను కూడా అందులో పేరుపెట్టి చేర్చారు. గ్రేటర్ పరిధిలో కట్టి ఏళ్లపాటు ఎవరికీ ఇవ్వకుండా ఉంచిన డబుల్ బెడ్రూం ఇళ్లను ఇదే నగరం చూసింది. అలాంటి వాటిలో కొన్నింటిని షెల్టర్లలో ఏడాది దాటినవారికి, ఒంటరి ఆడవారికి, వృద్ధ దంపతులకు చిన్న అద్దెకు ఇవ్వొచ్చు. అడ్డాలకు దూరంగా, బస్సు లేని చోట ఇవ్వకూడదు. ఇస్తే వాళ్లు మళ్లీ నాంపల్లికే వస్తారు, తప్పు వాళ్లదే అంటాం.

పిల్లల విషయంలో ఈ నగరం ఒక మంచి దారి వేసింది. సర్కారీ బడుల్లో ఖాళీగా ఉన్న గదులను వీధి పిల్లల వసతిగృహాలుగా మార్చి, అమన్ వేదిక వంటి సంస్థలు రెయిన్‌బో హోమ్స్ నడిపాయి. బడిలోనే ఇల్లు, గేటు దాటకుండానే చదువు. అక్కడ పెరిగిన ఆడపిల్లలు డిగ్రీల దాకా వెళ్లారు. కొత్తగా భవనం కట్టాలని ఎదురుచూడకుండా ఉన్న గోడలనే వాడుకోవడం ఇందులోని గొప్పదనం. పెద్దవాళ్లకూ ఇలాగే చేయొచ్చు. 2020 లాక్‌డౌన్ వేళ కమ్యూనిటీ హాళ్లు రోజుల్లోనే షెల్టర్లయ్యాయి కదా.

చదివేవారికి కొన్ని విషయాలు. రోడ్డు పక్క వృద్ధులు దిక్కులేకుండా కనిపిస్తే 14567కు ఫోన్ చేయండి. తెలంగాణలో మొదలై దేశమంతా విస్తరించిన వృద్ధుల హెల్ప్‌లైన్ అది, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు పలుకుతుంది. పిల్లలైతే 1098, ఆడవాళ్లైతే 181, ఒంట్లో బాగాలేకపోతే 108. మతి స్థిమితం లేనివారు తిరుగుతుంటే కాపాడి ఆసుపత్రికి చేర్చే బాధ్యత 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం పోలీసులది. ఇల్లు లేనివారికి ఆ వైద్యం ఉచితం. ఆ మాట స్టేషన్లో గట్టిగా చెప్పండి. కొత్త జనగణన 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుంది. దానికి ముందు రాత్రుల్లో మీ వీధి చివర పడుకున్నవారిని లెక్కలో రాశారో లేదో కనుక్కోండి. మీ వార్డు ఆఫీసుకు వెళ్లినప్పుడు దగ్గర్లో షెల్టర్ ఎక్కడుందో అడగండి. లేదంటే ఎందుకు లేదో, ఎప్పుడు పెడతారో కాగితం మీద రాసి అడగండి.